దుకాణం ఖాతాలు దక్కాయి: దారి చూపిన వారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

తెనాలి దగ్గరున్న మా నాన్నగారి ఎరువుల దుకాణంలో పాత కంప్యూటరు తెరుచుకోవడం లేదని, అందులోని రైతుల ఖాతాలను బయటికి తీసే ఉపాయం చెప్పమని పది రోజుల కిందట అడిగాను. నిన్న సాయంత్రానికి ఖాతాలన్నీ దక్కాయి. సాయం చేసిన ఇద్దరూ తమ పేర్లు రాయవద్దని కోరినందున రాయడం లేదు గానీ, వారు చేసినదేమిటో చెప్పకుండా ఉత్త ధన్యవాదాలతో సరిపెట్టడం నాకు సబబుగా తోచలేదు.

మా లెక్కలు 1999 నుంచి క్లిప్పర్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాయించుకున్న, డాస్ (ఆదేశాలు టైపు చేసి నడిపే పాతకాలపు వ్యవస్థ) మీద నడిచే ఒక ప్రోగ్రాములోనే నడుస్తున్నాయి. తొలకరిలో ఎరువులు అప్పుగా పట్టుకెళ్ళి, పంట చేతికొచ్చాక తీర్చే రైతుల బాకీలన్నీ అందులోని డీబీఎఫ్ అనే పట్టికల ఫైళ్ళలోనే ఉన్నాయి. కంప్యూటరు 2004లో కొన్నది, అందులో ఉన్నది విండోస్ 98. ఒకరోజు విండోస్ బొమ్మ కనబడి అక్కడే ఆగిపోయింది. మరమ్మతుకు తీసుకెళితే డిస్కు ఫార్మాట్ చేసి కొత్తది ఎక్కిస్తామన్నారు, నాన్నగారు కూడా సరేననబోయారు.

సరిగ్గా ఆ సమయంలో గుంటూరు నుంచి ఒక మాస్టారు, పాలిటెక్నిక్‌లో చాలాకాలం పాఠాలు చెప్పినవారు, ఫోన్ చేసి డిస్కు జోలికి ఎవరినీ పోనివ్వవద్దని, పెన్‌డ్రైవ్‌లో ఫ్రీడాస్ అనే ఉచిత డాస్ ఎక్కించి దానితో కంప్యూటరును లేపమని చెప్పారు. విండోస్ 98 డిస్కులో ఫైళ్ళ అమరిక సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది కనుక ఫ్రీడాస్ దాన్ని నేరుగా చదవగలదని, అదే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతి డిస్కు అయితే ఈ దారి అంత తేలిగ్గా ఉండేది కాదని ఆయన వివరించాకే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ తరువాతి తెలివితక్కువ పని నాదే. ఫ్రీడాస్ ఇమేజ్ ఫైలును (మొత్తం డిస్కు నకలును ఒకే ఫైలుగా చేసినదాన్ని) దించుకుని, సినిమా పాటను ఎక్కించినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఎందుకు లేవడం లేదని అరపూట కూర్చున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక చెల్లెలు ఓపికగా విడమరిచి చెప్పింది: బయాస్‌కు (కంప్యూటరు ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాముకు) మన ఫైళ్ళతో పని లేదు, అది పెన్‌డ్రైవ్ మొదట్లోని 512 బైట్ల సెక్టరును చదివి అందులోని చిన్న ప్రోగ్రామును నడుపుతుంది, అక్కడి నుంచి ఫ్రీడాస్ మూలభాగమైన కెర్నెల్.సిస్, దాని వెనుక మనం కొట్టే ఆదేశాలను అందుకునే కమాండ్.కామ్ వస్తాయి, కనుక ఆ మొదటి సెక్టరును రాయగల పనిముట్టు కావాలి. ఆమె చెప్పినట్టే అలాంటి పనిముట్టైన రూఫస్‌లో ఫ్రీడాస్ ఎంచుకుని, పాత బయాస్‌కు సరిపడే ఎంబీఆర్ పద్ధతిలో పెన్‌డ్రైవ్ తయారు చేశాను. కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే లేవలేదు. అది బయాస్‌కు బదులుగా వచ్చిన యూఈఎఫ్‌ఐ మాత్రమే ఉన్న యంత్రమని, ఫ్రీడాస్‌కు పాతకాలపు బయాస్ తప్పనిసరి అని ఆమె చెప్పకపోయి ఉంటే, బాగున్న పెన్‌డ్రైవ్‌ను పాడైందనుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి.

దుకాణంలోని కంప్యూటరేమో 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించనే లేదు. చిన్నది ఉంటే చూడమని మాస్టారు అన్నారు. మేనల్లుడి పాటల పెన్‌డ్రైవ్ 2 జీబీది దొరికింది, దాన్ని తుడిచేసి అందులో ఎక్కించాను. బయాస్‌లో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు వరుసలు కనిపిస్తే మూడోది పెట్టమన్నారు.

ఆయన అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టింది మరొకటి ఉంది. మొదటిసారి హార్డ్ డిస్కు కేబుల్ ఊడదీసి, పెన్‌డ్రైవ్ ఒక్కదానితోనే లేపి చూడమన్నారు. ఎందుకంటే డాస్‌లో సి అంటే హార్డ్ డిస్కే అని మన బుర్రలో నాటుకుపోయి ఉంటుంది, పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు మాత్రం అదే సి అయి, హార్డ్ డిస్కు డి అవుతుంది. ఆ తికమకలో డిస్కును విభజించే ఎఫ్‌డిస్క్ గానీ, తుడిచేసే ఫార్మాట్ గానీ కొడితే ఇరవై ఏళ్ళ పైబడిన ఖాతాలు ఒక్క నిమిషంలో పోతాయి. నల్లని తెర మీద సి:\> అని కనబడ్డాక, కట్టేసి, కేబుల్ తిరిగి పెట్టి, డి లోని ఫైళ్ళ జాబితా చూపే డైర్ డి: తప్ప మరేదీ కొట్టనని ఆయనకు మాట ఇచ్చి మరీ మళ్ళీ లేపాను. ఖాతా ఫోల్డరు కనబడింది. రూఫస్ పెట్టే ఫ్రీడాస్‌లో అదనపు పనిముట్లు పెద్దగా ఉండవు, అయినా కాపీ ఆదేశం కమాండ్.కామ్‌లోనే ఉంటుంది కనుక సరిపోయింది. బాకీల ఫైలు దగ్గర డిస్కు టకటకమని కొట్టుకుని, ఆపేయనా, మళ్ళీ ప్రయత్నించనా అని అడిగింది. ఊపిరి బిగబట్టి ఆర్ మీట నొక్కుతూ పోయాను, పదకొండోసారికి కదిలింది.

ప్రోగ్రాము నడపబోతే డాస్ ఎర్రర్ 4 వచ్చింది. ఒకేసారి తెరవదగిన ఫైళ్ళ పరిమితి దాటిందని దాని అర్థమట. చెల్లెలు చెప్పగా, ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌తో, ఫ్రీడాస్ లేచేటప్పుడు చదివే ఎఫ్‌డీకాన్ఫిగ్.సిస్‌లో ఫైల్స్=60 అని, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో సెట్ క్లిప్పర్=ఎఫ్:55 అని చేర్చాను. రెండో అంకె మొదటిదానికంటే తక్కువ ఉండాలి. ఇలాంటి పాత ప్రోగ్రాములు ఉన్నవారు ఈ రెండు వరుసలు రాసి పెట్టుకోండి.

ఈ ఇద్దరితో పాటు నేను ఎన్నడూ చూడని కొందరికి కూడా రుణపడి ఉన్నాను. మైక్రోసాఫ్ట్ ఇక డాస్‌ను పక్కన పెట్టేస్తుందని తెలిసిన 1994లో, అమెరికాలో చదువుకుంటున్న జిమ్ హాల్ ఈ ఉచిత డాస్ పనిని ప్రకటించారు, ప్యాట్ విల్లానీ కెర్నెల్‌ను, టిమ్ నార్మన్ కమాండ్ ప్రోగ్రామును ఇచ్చారు. వారి కోడు అందరికీ తెరిచి ఉంచడం వల్లే మా ఊరి రైతు బాకీ ఈనాడు తెర మీద కనబడింది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు ఏ డ్రైవరూ అడగలేదు, మొదటి చీటీ కరకరమంటూ బయటికొచ్చింది. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తాన్ని తన చేతిరాత పుస్తకంతో సరిచూసి, రూపాయి తేడా లేదన్నారు. తేదీ మాత్రం 2004 జనవరి అని పడింది, బోర్డు మీది నాణెం బ్యాటరీ మార్చాక అదీ సర్దుకుంది. ఖాతాలకు మూడు నకళ్ళు తీసి వేర్వేరు చోట్ల పెట్టాను, తీసినట్టు మాస్టారికి ఫొటో కూడా పంపాను. మేనల్లుడి పాటలు మాత్రం ఇంకా బాకీ ఉన్నాను.