శనివారం ఉదయం 7కి హ్యాంగర్‌లో కలుద్దాం, స్టార్టర్ గురించి

అందరికీ నమస్తే. మన ఆర్44 హెలికాప్టర్ ఒకటి పక్కన పెట్టారు, స్టార్టర్ రింగ్ గేర్ (స్టార్టర్ మోటార్ ఇంజన్‌ని తిప్పడానికి పట్టుకునే పళ్ళ చక్రం) పళ్ళు నాలుగు విరిగాయట. నేను చూశాను, అంచులు ఎలుక కొరికినట్టున్నాయి.

ఇది ఎలా జరుగుతుందంటే, ఇంజన్ అంటుకుని వెంటనే ఆగిపోతుంది, మనం కంగారులో అది ఇంకా తిరుగుతుండగానే మళ్ళీ కీ తిప్పేస్తాం, అప్పుడు స్టార్టర్ పినియన్ (మోటార్ చివరి చిన్న గేర్) వెళ్ళి తిరిగే పళ్ళ మీద పడుతుంది. (నేనూ ఒకసారి చేశాను, ఆ కరకర ఇంకా చెవుల్లోనే ఉంది.) ఆరు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడు ఎక్కువగా మూడు చోట్లే ఆగుతుంది, పినియన్ మళ్ళీ మళ్ళీ అక్కడి పళ్ళకే తగులుతుంది కాబట్టి అరుగుదల ఎక్కువగా అక్కడే.

అందుకని పూర్తిగా ఆగేదాకా కీ ముట్టుకోకండి. అంటుకోగానే వదిలేయండి. వదిలాక కూడా స్టార్టర్ లైట్ ఆరకపోతే వెంటనే మిక్స్చర్ (ఇంధనం ఆపే నాబ్) లాగి, మాస్టర్ స్విచ్ ఆపేయండి, మెకానిక్‌కి చెప్పండి.

శనివారం మెకానిక్ ఆ గేర్ చూపిస్తారు. వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే ఒక థంబ్ పెట్టండి, చెక్‌లిస్ట్ తెచ్చుకోండి. ఎవరికైనా స్టార్ట్‌లో వింత శబ్దం వినిపించి ఉంటే తిడతారేమో అని దాచకండి, ఇప్పుడే చెప్పండి.