షోరూం అమ్మాయిలకు కూర్చునే హక్కు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ పాత బజారులో ఒక బట్టల దుకాణంలో 31 ఏండ్లు గుమాస్తాగా పనిచేశాను. మా దుకాణంలో తెల్ల దుప్పటి కప్పిన పరుపులుండేవి. గల్లా దగ్గర సేటు, పరుపు మీద మేము, ఎదురుగా చీరలు కొనవచ్చిన ఆడవాళ్లు, అందరం కూర్చునే ఉండేవాళ్లం. గిరాకీ లేకుంటే గోడకు వీపు ఆనించేవాళ్లం. అదొక సుఖమని అప్పుడు తట్టనే లేదు.

ఇప్పుడు మా కోడలు హన్మకొండలో ఒక పెద్ద షోరూంలో చీరల కౌంటర్ మీద పనిచేస్తోంది. పొద్దున 10కి పోతే ఇల్లు చేరేసరికి రాత్రి 9.30 దాటుతుంది. అన్నం తినే అరగంట తప్ప మిగతా అంతా నిలబడే. కౌంటర్ వెనక స్టూలు లేదు. గిరాకీ లేని మధ్యాహ్నం పూట కాసేపు ర్యాకుకు ఒరిగినా కెమెరాలో చూసి సూపర్‌వైజర్ వస్తాడు. నెలలో రెండుసార్లు అట్లా దొరికితే ఒక రోజు జీతం కోత. ఆమెకు 29 ఏండ్లు. రాత్రి వచ్చి వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా తేలాయి. నెలసరి రోజుల్లో ఎట్లా బిడ్డా అని మా ఆవిడ అడిగితే, ‘గోలి వేసుకుని నిలబడుడే అత్తమ్మా’ అన్నది.

బతుకమ్మకు ఊరందరికీ కొత్త చీరలు చూపించే ఈ పిల్లలకు సద్దుల నాడు పద్మాక్షి గుండం దాకా పోయే తీరిక లేదు. పోయినేడు మా మనుమరాలు తల్లి లేకుండానే బతుకమ్మ ఎత్తుకుంది.

పాత సేట్లు దేవుళ్లని అనను. నాకు పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పని మానిన రోజు చేతిలో పెట్టింది ఒక జత బట్టలు. మా కోడలికి ఆ రెండూ ఉన్నాయి. మా వరుసలో మూడు మడిగెలు మూతపడ్డాయి, అందులోని గుమాస్తాలు ఇద్దరు ఇప్పుడు షోరూంల ముందు వాచ్‌మన్లు. ఆ బాధ ఉన్నా, పెద్ద దుకాణాలు వద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. కూర్చోనివ్వమంటున్నాను, అంతే.

మా నాయిన ఆజంజాహీ మిల్లు కార్మికుడు. నిలబడి పనిచేసేవాళ్లకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మిల్లులో ఒప్పుకున్నది బట్టల షాపులో ఎందుకు కుదరదు? కోజికోడ్ మిఠాయి వీధిలో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడితే కేరళ 2018లో కూర్చునే హక్కు ఇస్తూ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. మన 1988 నాటి దుకాణాల చట్టంలోనూ ఆ హక్కు స్పష్టంగా రాయాలి. రోజుకు 8 గంటలు, దాటితే రెట్టింపు కూలి అని ఆ చట్టంలో ఉన్నదైనా అమలవుతోందా అని కార్మిక శాఖ అధికారులు దసరా సీజన్‌లో, రాత్రి 9 తర్వాత వచ్చి చూడాలి. పగలు వస్తే రిజిస్టర్లే కనిపిస్తాయి.

పండుగ చీరలకు పోయే అక్కలకు, చెల్లెళ్లకు ఒక మనవి. మీకు కుర్చీ వేస్తారు. చీర విప్పి చూపించే అమ్మాయికి స్టూలు ఏదని ఆ మేనేజర్‌ను ఒక్క మాట అడగండి. మా మాట వినకున్నా గిరాకీ మాట వింటారు.

– ఒక విశ్రాంత గుమాస్తా, కరీమాబాద్, వరంగల్