శ్రీకాకుళానికి ఒక హాకీ టర్ఫ్ కావాలి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పరిషత్ బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన పీఈటీని. మా జిల్లాకు ఒక హాకీ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి పరిచిన మైదానం, మంజూరు చేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఒలింపిక్స్ హాకీని తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించింది 1976లో, మాంట్రియల్‌లో. అప్పటికే ఏడు స్వర్ణాలు గెలిచిన మన జట్టు ఆ ఏడాది ఏడో స్థానంతో తిరిగొచ్చింది. 1980లో మాస్కోలో మళ్ళీ స్వర్ణం వచ్చింది గానీ, ఆ తర్వాతి పతకం కోసం 2021లో టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది. కారణాలు చాలా ఉంటాయి. నేల మారడం అందులో పెద్దదని నా నమ్మకం.

ఎందుకంటే మా పిల్లలు ఇప్పటికీ ఆడేది మట్టి నేల మీదే. అక్కడ బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, అందుకే పిల్ల సగం నిటారుగా నిలబడి స్టిక్ నిలువుగా పెట్టి ఆపడం అలవాటు చేసుకుంటుంది. టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని దూసుకొస్తుంది. నడుం బాగా వంచి, స్టిక్‌ను దాదాపు నేలకు పరిచి ఆపాలి. ఇక డ్రాగ్ ఫ్లిక్ సంగతి. బంతిని స్టిక్‌కి అంటిపెట్టుకుని లాక్కెళ్ళి ఒక్కసారిగా విసరాలి. పెనాల్టీ కార్నర్‌లో, అంటే ఎదుటి జట్టు తప్పు చేస్తే గోల్ దగ్గర దొరికే అవకాశంలో, ఎక్కువగా పనికొచ్చేది ఈ దెబ్బే. గులకరాళ్ళ మీద అది నేర్పడం ఎవరి తరం? పారిస్‌లో 2024లో స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం తెచ్చిన రెండు గోల్స్‌నీ హర్మన్‌ప్రీత్ సింగ్ పెనాల్టీ కార్నర్ల మీదే కొట్టాడు. టోక్యోలో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను ఓడించిన ఆ ఒక్క గోల్, గుర్జీత్ కౌర్‌ది, అదీ పెనాల్టీ కార్నరే. మట్టి మీద పెరిగిన పిల్లను సెలక్షన్స్‌కి తీసుకెళ్ళి టర్ఫ్ మీద దింపితే, టెన్షన్‌తో మొదటి బంతే కాళ్ళ కిందుగా పోతుంది. అక్కడున్నవాళ్ళు పిల్లకు ఆట రాదని రాసుకుంటారు. ఆ పిల్లకు ఆట వచ్చు సార్, ఆ నేల తెలియదు, అంతే.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 2018 నుంచి ఆ ప్రభుత్వమే భారత హాకీ జట్లకు స్పాన్సర్. సుందర్‌గఢ్ పల్లెల నుంచి దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్, దీప్ గ్రేస్ ఎక్కా లాంటివాళ్ళు జాతీయ జట్టుకి వచ్చారు. 2023లో ప్రపంచ కప్ మ్యాచ్‌లు రూర్కెలాలోనూ జరిగాయి. మా గిరిజన పిల్లల కాళ్ళలో సత్తువ వాళ్ళకన్నా తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఈ మట్టిలో బలం ఉందని ఇంకెవరు నిరూపించాలి?

టర్ఫ్‌కి బోలెడు నీళ్ళు కావాలి కదా, ఉద్దానంలో తాగునీటికే ఇబ్బంది పడ్డ జిల్లాకు అదెందుకని మీ అధికారులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళతో తడిపే టర్ఫ్‌లే కాకుండా, ఇసుక నింపి వేసేవి కూడా ఉన్నాయి. వాటికి నీళ్ళు చాలా తక్కువ చాలు. ఒలింపిక్ మ్యాచ్‌లకు కాకపోయినా పిల్లల సాధనకు నిక్షేపంగా పనికొస్తాయి.

2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో హాకీని తీసేశారు. దాన్ని చూపి ఈ ఆటకు నిధులు తగ్గించవద్దని వేడుకుంటున్నాను. ఆసియా క్రీడలు, ఒలింపిక్స్ ఉన్నాయి. ఆసియా క్రీడల్లో గెలిస్తే నేరుగా ఒలింపిక్ బెర్త్ దొరుకుతుంది. 2023లో హాంగ్‌జౌలో జపాన్‌ను 5-1తో ఓడించి మగవాళ్ళు పారిస్‌కు అలాగే వెళ్ళారు. కాంస్యంతో ఆగిన అమ్మాయిలు రాంచీ క్వాలిఫయర్‌లోనూ ఓడి పారిస్‌కి దూరమయ్యారు.

మేం అడిగేది ఒక టర్ఫ్, ఒక శాశ్వత కోచ్, దూరపు మండలాల ఆడపిల్లలకు పక్కనే హాస్టల్. రాబోయే బడ్జెట్‌లో దీనికి పద్దు పెట్టించండి. స్థలం చూడడానికి మీ శాఖ నుంచి ఎవరిని పంపినా, జిల్లాలోని పీఈటీలం వెంట ఉండి చూపిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా