ఆరున్నొక్కటో స్టేషన్

గ్లాస్గో,
ఆదివారం

నాయనా,

అమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడతానే ఉండాను. నువ్వు మాత్రం "సరే అమ్మణ్ణీ, బాగుండావు గదా" అని ఫోను అమ్మ చేతికిచ్చేస్తావు. నీతో తీరిగ్గా చెప్పాల్సిన మాట ఒకటుంది, అందుకే కాగితం పట్టుకున్నా.

ఈడ పనికి భూమి కింద నడిచే రైల్లో పోతాను. 1896లో మొదలైన రైలు. గానుగెద్దు మాదిరి ఒకటే గుండ్రం, 15 స్టేషన్లు, చుట్టు తిరిగొచ్చేదానికి సుమారు 24 నిమిషాలు. కిటికీలో చీకటి తప్ప ఏమీ కనపడదు. వచ్చిన కొత్తలో దిగాల్సిన చోటు దాటిపోతానేమో అని లెక్క మొదలుపెట్టినా. పార్టిక్‌లో ఎక్కినాను. కెల్విన్‌హాల్ రాగానే నా నోట్లోంచి వచ్చిన మాట "లాభం".

కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు తాత ఒకటి అనేవాడు కాదు గదా. తొలి కుంచం లాభం, తర్వాత రెండు, మూడు. ఏడు కూడా అనడు, అందులో ఏడుపుందని, "ఆరున్నొక్కటి" అనేవాడు. కయ్యలు కౌలుకిచ్చేసినా ఆ లెక్కను నువ్వు రైల్లోకి తెచ్చి మాకిచ్చినావు. అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయేటప్పుడు ప్యాసింజరు పెన్నా దాటితే పడుగుపాడు లాభం, కొడవలూరు రెండు, తలమంచి మూడు, అల్లూరు రోడ్డు నాలుగు, బిట్రగుంట ఐదు, శ్రీవెంకటేశ్వరపాలెం ఆరు. కావలి రాగానే పిలకాయలం ఇద్దరం ఒక్కసారే "ఆరున్నొక్కటి!" అని అరిచేవాళ్ళం. ఆ తర్వాత కళ్ళు మూసుకొని స్టేషన్ పేరు చెప్పే ఆట. మామిడికాయల కాలంలో ఉలవపాడు ఎవరమూ తప్పేవాళ్ళం కాదు, గంపలు పెట్టెలోకి ఎక్కకముందే వాసన తగిలేది.

నేను దిగే సెయింట్ ఈనక్ స్టేషన్, పార్టిక్ నుంచి సరిగ్గా ఆరున్నొక్కటి. అంటే నాకది కావలి. రోజూ పొద్దున కావలిలో దిగి పనికి పోతుండా నాయనా.

గుండ్రం కాబట్టి రెండో వైపు నుంచి కూడా ఆడికే పోవచ్చు, అప్పుడు ఎనిమిది. ఇంటర్వ్యూ నాడు కావాలనే ఆ రైలెక్కినా. అది క్లైడ్ నది కింద రెండుసార్లు పోతుంది. పెన్నా వచ్చిందంటే అమ్మ మన గుప్పిళ్ళలో తలా ఒక రూపాయి పెట్టి నీళ్ళలో వెయ్యమనేది. ఈడ నది నెత్తి మీద ఉంది, యాడ వెయ్యాలి? పర్సులో మిగిలిన మన రూపాయి బిళ్ళను గుప్పిట్లో బిగించి దణ్ణం పెట్టుకున్నా. ఉద్యోగం వచ్చింది. ఆ బిళ్ళ అట్నే దాచిపెట్టినా, అది పెన్నాకే.

తమ్ముడికి చెప్పు, బండ్ల నంబర్ల ఆట కూడా మళ్ళీ మొదలైందని. హైవే మీద వాడికి నెల్లూరు బండ్ల ఏపీ 26, నాకు ప్రకాశం బండ్ల ఏపీ 27, ఎవరికి ఎక్కువ కనపడితే వాళ్ళు గెలిచినట్టు. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఏపీ 39 అయినాక ఆ ఆట చప్పబడింది. ఈడ నంబరు ఎస్‌తో మొదలైతే అది స్కాట్లండ్‌లో రిజిస్టరైన బండి. ఎస్ కాని బండ్లన్నీ వాడివి, నేనే ఆడి పెడతా.

ఇంకొకటి. పెన్నా వంతెన మీద రైలు చప్పుడు మారతానే నువ్వూ నేనూ ఆ దబదబలు లెక్కపెట్టేవాళ్ళం. నీ లెక్క నీది, నా లెక్క నాది, ఏ ప్రయాణంలోనూ కలవలేదు. కంటి ఆపరేషన్ అయినాక కిటికీ పక్కన కూర్చోవడం మానేసినావని అమ్మ చెప్పింది. ఈ లెక్కకు కళ్ళతో పని లేదు గదా. ఈసారి ఉలవపాడు పోయేటప్పుడు చెవి పెట్టి లెక్కపెట్టు. నంబరు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు, నాకు చెప్పొద్దు. సంక్రాంతికి వచ్చి నా లెక్క నేను పెడతా, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

నీ
అమ్మణ్ణి