బూడిద ఇటుకల సరఫరా ఆపడం గురించి మా ఖాతాదారులకు

గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు ఇళ్లు కట్టుకుంటూ, మాకు అడ్వాన్సు ఇచ్చి లోడు కోసం ఎదురుచూస్తున్న వారందరికీ నమస్కారం. ఇటుకలు ఎందుకు ఆపామో మేస్త్రీల నోట తలా ఒక రకంగా వినడం కంటే మా నుంచే తెలుసుకోవడం న్యాయమని ఇది రాస్తున్నాము.

ఏళ్లుగా మాకు బూడిద తెచ్చే వ్యాపారి ఈసారి పొడి బూడిదలో చెరువు బూడిద కలిపి పంపాడు. థర్మల్ కేంద్రంలో పొగతో పాటు పైకి పోయే సన్నటి బూడిదను విద్యుత్ పరికరాలతో పట్టి విడిగా నిల్వ చేస్తారు. ఇటుకకు కావలసిన పొడి బూడిద అదే. కొలిమి అడుగున పడే ముతక బూడిద నీటితో కలిసి కేంద్రం వాళ్ల బూడిద చెరువులోకి పోతుంది. దానిని ఆరబెట్టి కలిపితే కంటికి తేడా తెలియదు. బూడిదను 45 మైక్రాన్ల జల్లెడలో నీటితో జల్లిస్తే 34 శాతానికి మించి పైన నిలవకూడదని ప్రమాణం ఉండగా, ఈ లోడ్లలో అంతకు చాలా ఎక్కువే నిలిచింది. బూడిద ముతకైతే అందులోని సిలికా సున్నంతో సరిగా కలవదు, ఎన్ని నీళ్లు పట్టినా ఇటుక గట్టిపడదు. నిలదీస్తే, "అందరూ ఇదే తీసుకుంటున్నారండీ, మీకే ఎందుకింత పట్టింపు" అన్నాడు. ఆ మాట మాకు ఇంకా మింగుడుపడలేదు. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం ఉన్న చోట, భానుమతిదాస్, కాళిదాస్ గార్లు బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా చేసే ఫాల్-జి ఇటుక పద్ధతిని రూపొందించిన ఈ విశాఖలోనే, మంచి బూడిద లేక పని ఆగిందని చెప్పుకోవలసి రావడం మా అభిమానాన్ని గాయపరిచింది.

సిమెంటు దండిగా కలిపితే అదే బూడిదతో చేసిన ఇటుక బలపరీక్షలో నెగ్గేది. మీ గోడలు ఆగేవి కావు, మాకు నష్టమూ ఉండేది కాదు. ఇంట్లోవాళ్లూ అదే చేయమన్నారు. చాలా రాత్రులు ఆలోచించి వద్దనుకున్నాము. సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు క్లింకర్. టన్ను క్లింకర్‌కు సుమారు 800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో సగానికి పైగా సున్నపురాయి వేడికి విడిపోవడం వల్ల వచ్చేదే కనుక, కొలిమిలో ఏ ఇంధనం వాడినా ఆ భాగం తగ్గదు. మేము వాడే సున్నం, జిప్సం మాత్రం వేరే పరిశ్రమల్లో వ్యర్థంగా మిగిలినవి. బొగ్గు కాల్చగా వచ్చిన బూడిదే కదా అని కొందరు అడుగుతారు. ఆ పొగను మా ఇటుక వెనక్కి తేలేదు, నిజమే. కానీ పొలం మట్టి తవ్వి బట్టీలో కాల్చే పనిని తప్పిస్తుంది. ఆ మాట నమ్మి కొన్న మీకు, సిమెంటుతో బలం తెచ్చి బూడిద పేరుతో అమ్మడానికి మనసొప్పలేదు.

ఆ లోడ్లతో పోసిన ఇటుకలు ఒక్కటీ బయటకు వెళ్లలేదు, వెళ్లవు. ఇదివరకు తీసుకున్నవారు కలవరపడనవసరం లేదు. వాటి పరీక్ష కాగితాలు ఆఫీసులో ఎప్పుడైనా చూడవచ్చు. కొత్త వ్యాపారి బూడిదను మూసిన ట్యాంకరులోనే తెస్తాడు, జల్లెడ పట్టి చూశాకే దించుకుంటాము. ధర పెంచడం లేదు. ఆగలేనివారికి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాము. శ్లాబు పూర్తయి గోడల కోసం ఆగినవారికి మొదటి లోడ్లు పంపుతాము. మూడు వారాలు నీళ్లు పట్టని ఇటుకను మాత్రం, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా, లారీ ఎక్కించము.