సంతకం పెట్టే ముందు ఫోన్ చెయ్యి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. చందనోత్సవానికి సింహాచలం వెళ్లొచ్చాం. మీ అమ్మ నీ పేరున అర్చన చేయించింది. ఎండలు మండిపోతున్నాయి. డాబా మీద మామిడి ఒరుగులు పోశాం గానీ, పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, వాటి నిండా బొగ్గు పొడే.

మొన్న మద్దిలపాలెం అత్తయ్య ఇంట్లో కిషోర్ ఒక మాట అన్నాడు. మీ ఆఫీసులో జీతాలు ఆలస్యం అవుతున్నాయట, అకౌంట్సు వాళ్లచేత లేని సరుక్కి బిల్లులు పాస్ చేయిస్తున్నారట. వాడు చెప్పేవాటిలో సగం గాలి కబుర్లే. కానీ నువ్వు ఆదివారం కూడా ఫోన్ చెయ్యడం లేదు కదమ్మా.

సరే, అది వదిలెయ్. బుజ్జిగాడు పాలిసెట్ రాశాడు. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో సీటొస్తే ఇంటి నుంచే వెళ్లొస్తాడు. అన్నట్టు, నీకు పీఎఫ్ కోస్తున్నారా? బేసిక్, డీఏ మీద నీ వాటా 12 శాతం, కంపెనీదీ అంతే. వాళ్ల వాటాలోంచి కొంత పింఛనుకు పోతుంది కాబట్టి పాస్‌బుక్‌లో ఆ అంకె తక్కువ కనిపిస్తుంది, కంగారు పడకు. ఈ నెల కోసింది వచ్చే నెల 15లోపు జమ కావాలి. ఉమంగ్ యాప్‌లో చూడు. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో నెలలు ఖాళీగా ఉంటే అది మీ డబ్బు కాజెయ్యడమే.

రాంబాబు మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. గాజువాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపరు. పనిలో ఉన్నది నలభై మందైతే మస్టర్లో, అంటే హాజరు పుస్తకంలో, అరవై పేర్లు. లేనివాళ్ల వేలిముద్రలు మావయ్యే వేసేవాడు, ఒకసారి కుడి బొటనవేలు, ఒకసారి ఎడమది. ఇంటికొచ్చి కిరసనాయిలుతో ఇంకు తోముకుంటుంటే అత్త అడిగేది, పని ఎక్కువైందనేవాడు. దాని వల్ల ఒక్క రూపాయి అదనంగా తీసుకున్నవాడు కాదు. ఓనరు మంచివాడు, పండక్కి బట్టలు పెడతాడు, కాదనలేను అనేవాడు. తనిఖీ వచ్చినరోజు ఆ మంచివాడే "మస్టరు రాసేది అతను, నాకేం తెలుసు" అన్నాడు. ఉద్యోగం పోయింది. కోర్టు వాయిదాలకే అత్త గాజులు కరిగిపోయాయి.

సత్యం కంప్యూటర్స్ దొంగలెక్కల కేసు చూడు. 2015లో కోర్టు పదిమందికి ఏడేళ్లు శిక్ష వేసింది. అందులో కంపెనీ పెట్టిన రామలింగరాజుతో పాటు ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులు కూడా ఉన్నారు. కింది ఉద్యోగులైనంత మాత్రాన వాళ్లకు శిక్ష తప్పలేదు.

లెక్చరు ఇవ్వకూడదనుకున్నాను, మీ అమ్మ కూడా వద్దంది. అయినా చెప్తున్నా. సరుకు చూడకుండా బిల్లు మీద సంతకం పెట్టకు. ఎవరైనా పెట్టమంటే మెయిల్లో రాసి పంపమను. నీ పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకు, మీ మేనేజరుకైనా సరే. ఈ పని మీద నీకెంత ఇష్టమో నాకు తెలుసు. చిన్నప్పుడు పాలవాడి లెక్క నువ్వే చూసేదానివి. అక్కడ ఆ ఇష్టం చచ్చిపోతోందనిపిస్తే మానేసి వచ్చెయ్. నా పింఛను ఉంది, పైగది ఖాళీగానే ఉంది.

అత్తయ్య వాళ్ల చేత మాడుగుల హల్వా, కారప్పొడి పంపుతున్నాను. రాత్రి అన్నం మానేసి నూడిల్స్ తింటున్నావట, అదీ కిషోరే చెప్పాడు. పాస్‌బుక్ చూసుకుని ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా పర్లేదు, ఎత్తుతాను.

మీ నాన్న