ముగ్గు కలపని మా అమ్మ గురించి, ఆరోగ్య శాఖ మంత్రి గారికి

మంత్రి గారికి నమస్కారం.

మాది విశాఖపట్నంలో గాజువాక. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలు గీయిస్తూ మనసుకి చేసే వైద్యం, పెట్టించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. సంవత్సరీకం అయిపోయాక కూడా అమ్మ వాకిట్లో ముగ్గు వేయలేదు, సరిగా నిద్రపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే పొద్దున ఓపీ చీటీ తీసుకున్నవాళ్లం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, డాక్టరు గారు ఐదు నిమిషాలు చూసి మాత్రలు రాశారు. ఆయన్ని తప్పు పట్టను, బయట ఇంకా బోలెడు మంది ఉన్నారు, మాత్రలతో నిద్ర పట్టింది కూడా. కానీ ఎలా ఉందమ్మా అని ఎవరడిగినా "బానే ఉంది" అనేది, అంతకు మించి అమ్మ నోట మాట రాలేదు.

తర్వాత ఒక ప్రైవేట్ ఆర్ట్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఏమీ అడక్కుండా నల్ల కాగితం, సుద్దముక్క ముందు పెట్టారు. అమ్మ చుక్కలు పెట్టింది, కలపలేదు. మూడు వారాలు అంతే, చుక్కలు పెట్టడం, లేచి వచ్చేయడం, నాకైతే డబ్బులు దండగ అనిపించింది. నాలుగో వారం ఒక గీత గీసి, "వాడు పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టేవాడు" అని ఏడ్చింది. ఆవిడ ముగ్గు బాగుందని గానీ దాని అర్థం ఇదని గానీ అనలేదు, అమ్మ ఏడ్చినంతసేపూ పక్కనే ఉన్నారు. ఒక్కోసారికి ఎనిమిది వందలు. ఆరుసార్లకి మించి వెళ్లలేకపోయాం.

సార్, ఆర్ట్ థెరపీ కాలక్షేపం కాదు. కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. మానసిక వైద్యం అందుబాటు ధరలో పొందడం హక్కు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మన విశాఖలో అయితే చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, ఆంధ్రా యూనివర్సిటీ సైకాలజీ విభాగం, ఫైన్ ఆర్ట్స్ విభాగం అన్నీ ఒకే వైపు ఉన్నాయి, ఆటోలో వెళ్లొచ్చు. వీళ్లని ఒకచోట కూర్చోబెట్టే పని మీ ఒక్క ఆర్డరుతో అవుతుంది.

నేను అడిగేది ఆ చినవాల్తేరు ఆసుపత్రిలో ఒక గది, శిక్షణ పొందిన ఆర్ట్ థెరపిస్టు పోస్టు ఒకటి. సామాను ఖర్చు ఎంతని? మట్టి, రంగులు, సుద్దముక్కలు, పిల్లలకైతే ఏటికొప్పాక లక్కబొమ్మలు పక్క జిల్లాలోనే తయారవుతున్నాయి. కానీ దయచేసి డ్రాయింగ్ మాస్టారిని పెట్టి సరిపెట్టకండి. గీస్తూ గీస్తూ మనిషి ఒక్కసారిగా కుప్పకూలితే ఏం చేయాలో, ఎంతసేపు ఊరుకోవాలో, ఎప్పుడు డాక్టరుకి చెప్పాలో తెలిసిన మనిషే కావాలి, జీతం దానికే ఇవ్వాలి.

అమ్మ ఇప్పుడు పండగలకి మాత్రం ముగ్గు వేస్తోంది. మళ్లీ వెళ్దామా అంటే అంత డబ్బెందుకురా అంటోంది. ఆ గది చినవాల్తేరులో తెరిచిన రోజు నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కొడుకు